కన్ను కొట్టిన నేరం

మా మనవడు బళ్ళో టీచరమ్మకి కన్ను కొట్టాడని ఫిర్యాదు వచ్చింది.

వాడికి తొమ్మిదేళ్ళు. నాలుగో తరగతి. ఈ వయసుకే ఈ విద్య ఎక్కడ నేర్చాడా అని మీరు నవ్వుకుంటారు. మొదట మేమూ నవ్వుకున్నాం. కాని బడివారి ఉత్తరం నవ్వే ధోరణిలో లేదు. ఉత్తరమంటే ఇప్పుడు ఉత్తరం కాదు లెండి, కోడలి ఫోనులోకి వచ్చిన నాలుగు వాక్యాలు. వారం రోజులుగా మీ అబ్బాయి క్లాసులో అదేపనిగా కళ్ళు ఆర్పుతున్నాడు, మొహం వికారంగా పెడుతున్నాడు, పక్క పిల్లలు చూసి నవ్వుతున్నారు, మానమన్నకొద్దీ ఎక్కువ చేస్తున్నాడు, కనక తల్లిదండ్రులు తగు శ్రద్ధ తీసుకోవలసింది. ఇదీ సారాంశం.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో కోర్టు కూచుంది. మావాడు జడ్జీ, కోడలు ప్లీడరు. పెద్దవాణ్ణి కనక నేను జ్యూరీ.

"ఎందుకురా అలా కళ్ళు కొడుతున్నావు?" అన్నాడు మావాడు.

"నేను కొట్టడం లేదు డాడీ. అవే కొట్టుకుంటున్నాయి" అన్నాడు ముద్దాయి. అంటూనే టపటపా అయిదారుసార్లు ఆర్పాడు.

నాకు ఒళ్ళు మండింది. "చూశావా, మన ఎదుటే వెక్కిరిస్తున్నాడు! గారాబం ఎక్కువై వెధవ్వేషాలు నేర్చాడు" అని తీర్పు చెప్పేశాను. వాడు నాకేసి ఒక్క చూపు చూశాడు. ఆ చూపులో ఏముందో అప్పుడు నాకు బోధపడలేదు.

అంతకు పదిరోజుల ముందు వాడే ఒక సాయంత్రం "తాతయ్యా, కళ్ళల్లో ఇసుక పడింది" అన్నాడు. "11వ అంతస్తులోకి ఇసుకెలా వస్తుందిరా, పోయి కడుక్కో" అన్నాను. కడుక్కున్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను బెజవాడ మనిషిని. ముప్పయ్యేళ్ళకి పైగా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. సీసపు అక్షరాల కాలం నించి కంప్యూటరు అక్షరాల కాలం దాకా నా కళ్ళ ముందే గడిచింది. 2023లో మా ఆవిడ పోయాక, ఒంటరిగా ఎందుకని మావాడు తీసుకొచ్చి కొండాపూర్‌లో ఈ 11వ అంతస్తులో పెట్టాడు. బాల్కనీలో నిలబడితే ఒకవైపు బొటానికల్ గార్డెన్ చెట్లు, రెండోవైపు అద్దాల మేడలు. 1998లో వాజపేయిగారు వచ్చి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు పేపర్లో పడిన ఆ గుండ్రటి మేడ బొమ్మ కింద వార్తకి ప్రూఫు చూసినవాణ్ణి. మాదాపూర్‌ని "మాధవపూర్" అని కంపోజు చేస్తే దిద్దాను కూడా. ఆ మాదాపూర్‌కి ఇంత దగ్గర్లో కాపురం ఉంటానని అప్పుడు అనుకున్నానా!

మావాడి ఆఫీసు రాయదుర్గం దగ్గర. కోడలు వారానికి మూడురోజులు ఇంట్లోంచే పని. ఇంట్లోంచే అన్నమాటేగాని, గది తలుపు మూసుకుంటే మళ్ళీ రాత్రికే తెరుచుకునేది. అమెరికావాళ్ళకి తెల్లవారేటప్పటికి మనకి పొద్దుగూకుతుంది కదా. బుజ్జిగాడు మూడున్నరకి బడి బస్సు దిగుతాడు. అక్కణ్ణించి రాత్రి భోజనాల దాకా వాడికి నేను, నాకు వాడు.

మొదట్లో కథలు చెప్పాను. విన్నాడు. పది కథలకి నా మూట ఖాళీ అయింది, వాడి ఓపికా అయింది. ఆ తర్వాత బడినించి రాగానే తన గదిలోకి పోయి తలుపు వేసుకునేవాడు. ఇల్లంతా మూసిన తలుపులే. ఒకరోజు నేను సోఫాలో కూచుని ఫోనులో ఏదో నొక్కుతుంటే, వాడు పిల్లిలా వచ్చి పక్కన చేరాడు. "ఇలా ఇయ్యి తాతయ్యా" అని తీసుకుని ఏదో ఆట పెట్టాడు. ఆడుతూ ఆడుతూ నా భుజానికి ఆనుకున్నాడు. మా ఆవిడ పోయాక ఒక మనిషి నాకు ఆనుకుని కూచోవడం అదే మొదలు.

వాడికి తల్లిదండ్రులు కొనిచ్చిన టాబ్ ఒకటి ఉంది. దానికి కోడలు తాళం పెట్టింది. రోజుకి గంట కాగానే దానంతట అదే ఆగిపోతుంది. నా ఫోనుకి అటువంటి తాళమేదీ లేదు. "అమ్మతో చెప్పకు. ఇది మనిద్దరి రహస్యం" అన్నాను. ఫోను ఉంటే నా పక్కన కూచుంటాడు, లేకపోతే కూచోడు. లెక్క అంత తేలిక. ఇలా ఏడాదిపైగా నడిచింది.

ఇహ ఫిర్యాదు సంగతికి వస్తాను. మర్నాడు పొద్దున్న చూస్తే వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి. పశ్చాత్తాపం కాబోలనుకున్నాను. కిందికి దిగి మందుల దుకాణంలో అడిగితే ఒక చుక్కలమందు సీసా ఇచ్చారు. రెండురోజులు వేశాను. ఎరుపు మాయమైంది. నా వైద్యానికి నేనే మురిసిపోయాను. మూడోరోజుకి మళ్ళీ మొదలు. ఈసారి కోడలు నా మాట వినకుండా సెలవు పెట్టి కంటి ఆసుపత్రికి బయల్దేరదీసింది. నేనూ వెంట వెళ్ళాను.

ఆ ఆసుపత్రి వరండాలో ఇరవైమంది పిల్లలున్నారు. ఏ ఒక్కడూ ఏడవడం లేదు, పరుగెత్తడం లేదు. ఎందుకంటే ప్రతివాడి చేతిలోనూ ఒక ఫోను!

డాక్టరమ్మ మొట్టమొదట నా మందుసీసా అందుకుని పేరు చదివింది. "ఇది మీకెవరిచ్చారండీ? ఇందులో స్టెరాయిడ్ ఉంది. ఎరుపు తగ్గిస్తుంది నిజమే. డాక్టరు చూడకుండా వారాల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తాయి. చూపే పోవచ్చు" అని సీసా పక్కన పడేసింది. నేను పంచె అంచు సర్దుకున్నాను.

తర్వాత వాడికి అక్షరాలు చదివించింది. సైటు లేదంది. రెప్పలు తిరగేసి చూసింది. అలర్జీ కాదంది. పిల్లలు ఇలా రెప్పలు కొట్టుకోవడానికి నానా కారణాలుంటాయట. కొందరికి అది ఉత్త అలవాటుగానే వచ్చి పోతుందట. అంచేత ఒక్కొక్కటే చూసి తీసెయ్యాలంది. ఆఖర్న నారింజరంగు కాగితపు ముక్క తడిపి రెప్ప లోపల తాకించి, నీలిదీపం వేసి, "రెప్ప వెయ్యకుండా చూడు నాన్నా" అని సెకన్లు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అక్కడ ఆగిపోయింది.

"కళ్ళు ఎండిపోతున్నాయండీ" అంది.

"అదేమిటమ్మా! కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతుంటే ఎండిపోవడమేమిటి?" అన్నాను. ప్రూఫులు దిద్దినవాణ్ణి. తప్పు కనబడితే ఊరుకోలేను.

ఆవిడ నవ్వి చెప్పింది. కంటిమీద ఎప్పుడూ ఒక తడిపొర ఉండాలట. చూడటానికి ఒక పొరేగాని, అడుగున జిగురు, మధ్యన నీరు, పైన సన్నటి నూనె. ఆ నూనె రెప్పల అంచున వరసగా ఉండే చిన్న చిన్న గ్రంథుల్లోంచి వస్తుంది. రెప్ప నిండుగా వాలి పైదీ కిందిదీ తాకినప్పుడల్లా ఇంత నూనె బయటికొచ్చి పొరంతా పరుచుకుంటుంది. నూనె మూత ఉంటే నీళ్ళు ఆవిరి కావు. రెప్ప వెయ్యకపోతే మూత చెదిరిపోయి కన్ను అక్కడక్కడ పొడిబారుతుంది, మంట పుడుతుంది. మంట పుట్టగానే కన్ను గాభరాపడి బోలెడు నీళ్ళు కారుస్తుంది. అవి వరద నీళ్ళు. చెంపల మీదికి పోతాయిగాని నిలవవు. రెప్ప వేసిన తర్వాత ఆ పొర కనీసం పది సెకన్లయినా చెదరకుండా ఉండాలట. మావాడికి అయిదే.

"మామూలుగా మనిషి నిమిషానికి సుమారు పదిహేనుసార్లు రెప్ప వేస్తాడు. తెర ముందు కూచుంటే అందులో సగానికో, మూడోవంతుకో దిగిపోతాడు. వేసినవి కూడా అరకొర రెప్పలే. పైగా ఏసీ గాలి. వీడు బళ్ళో వెక్కిరించడం లేదండీ. తెర లేనప్పుడు ఆ కళ్ళు బాకీ తీర్చుకుంటున్నాయి" అంది.

నిమిషమన్న మాటకి అసలు అర్థం రెప్పపాటే కదా. దేవతలు రెప్ప వెయ్యరు కనక అనిమిషులన్నారు. స్వయంవరంలో అయిదుగురు నలుల్లో అసలు నలుడెవరో దమయంతి పోల్చుకున్న గుర్తుల్లో అదొకటి. ఈ రోజుల్లో హైటెక్ సిటీలో స్వయంవరం పెడితే పాపం ఆ పిల్ల తబ్బిబ్బయిపోవలసిందే. సాయంత్రం మెట్రోబండి ఎక్కి చూడండి, పెట్టెనిండా దేవతలే.

మేము మాత్రం తెర చూడలేదా అంటారు కొందరు. చూశాం. ఎల్.వి. ప్రసాద్‌గారు 1955లో తీసిన మిస్సమ్మని తర్వాతెప్పుడో నేను నాలుగుసార్లు చూశాను. జనాన్ని మూడేసి గంటలు రెప్ప వెయ్యనివ్వకుండా కూచోబెట్టిన ఆ మనిషి పేరుమీదే బంజారాహిల్స్‌లో కంటి ఆసుపత్రి ఉంది. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు దాన్ని స్థాపిస్తే, స్థలమూ ధనమూ ఇచ్చింది ప్రసాద్‌గారి కుటుంబం. కాని మా తెర ఇరవై బారల దూరాన ఉండేది. ఇంటర్వెల్లు ఉండేది. అయిపోయాక ఇంటికి పొమ్మనేవారు. ఫోనుకి పొమ్మనేవాడు లేడు. పుస్తకం చదివినా రెప్పపాటు తగ్గుతుందట. ఆ మాట డాక్టరమ్మ చెబితే నా వృత్తిగౌరవం కొంచెం దెబ్బతింది, అది వేరే సంగతి.

"రోజుకి ఎంతసేపు చూస్తాడు?" అని అడిగింది డాక్టరమ్మ.

"గంటేనండీ. అంతకు మించి చూడనివ్వను. టాబ్‌కి లాక్ పెట్టాను" అంది కోడలు. ఆవిడ గొంతులో ధీమా ఉంది. ఉండదూ మరి? పిల్లల డాక్టర్ల సంఘంవారు అయిదు నించి పదేళ్ళ పిల్లలకి రెండు గంటలకి లోపు అంటే, ఈవిడ ఒక్క గంటే అంది. 2020లో వాడు ఎల్‌కేజీ లాప్‌టాప్ ముందు కూచుని చదివాడు. అప్పుడు ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. ఆ తర్వాత కష్టపడి తగ్గించుకొచ్చింది ఆవిడే.

"గంటకి ఇంత ఉండకూడదే" అని డాక్టరమ్మ ఆలోచనలో పడింది.

బుజ్జిగాడు నాకేసి చూశాడు. నేను గోడమీద వేలాడేసిన కంటిబొమ్మ కేసి చూశాను. నోట మాట రాలేదు. కృత్రిమ కన్నీళ్ళని ఒక చుక్కలమందు, రెప్పలమీద వేడిగుడ్డ కాపడం రాసిచ్చి, నెల తర్వాత రమ్మంది. అప్పటికీ తగ్గకపోతే మిగతా పరీక్షలు చూద్దామంది. అంటే నా మౌనానికి ఆ పిల్లవాడి మీద ఇంకా పరీక్షలన్నమాట.

మర్నాటినించి ఫోను ఇవ్వడం మానేశాను. ఎందుకు మానేశానో వాడితో చెప్పలేదు. ఛార్జింగు లేదన్నాను. పాడైందన్నాను. రోజుకో అబద్ధం. నాలుగోరోజున వాడు నా కుర్చీ దగ్గరికొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "తాతయ్యా, నేను ఎవరికీ చెప్పలేదు. డాక్టరాంటీ అడిగినా చెప్పలేదు. మరి ఫోను ఎందుకివ్వవు?" అన్నాడు.

నేను గారాబంతో చెడిపోయాడని తీర్పు చెప్పిన పిల్లవాడు వీడు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోను తీసి అదీ ఇదీ నొక్కుతుంటే, రోజుకి ఎంతసేపు వాడామో లెక్కకట్టి చూపించే పేజీ ఒకటి దానిలోనే ఉందని తెలిసింది. ఆసుపత్రికి వెళ్ళకముందు వారం లెక్క తీశాను. రోజుకి సగటున నాలుగు గంటల పది నిమిషాలు. అందులో నా వాటా పేపరు చదవడం, తమ్ముడితో మాట్లాడటం కలిపి గంట. మిగతాదంతా వాడిది. నా జన్మలో దిద్దకుండా వదిలేసిన గ్యాలీ అదొక్కటే.

పొద్దున్న కాఫీ తాగకముందే కోడలి చేతికి ఫోను ఇచ్చి ఆ పేజీ చూపించాను.

ఆవిడ చాలాసేపు దానికేసి చూసింది. "డాక్టరుగారు అడిగినప్పుడు మీరు పక్కనే ఉన్నారు మావయ్యగారూ" అంది. అంతే అంది. మీటింగు టైమైందని గదిలోకి వెళ్ళిపోయింది. రెండురోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. ఆ కోపం న్యాయమైనదే. మావాడు మాత్రం "పోనీలెండి నాన్నా" అన్నాడు. ఎవరు తిట్టినా భరించొచ్చుగాని ఆ పోనీలెండి భరించడం కష్టం. మూడోరోజున కోడలే వచ్చి, "నేను సాయంత్రం కాల్స్ రెండు తొమ్మిదింటికి మార్పించుకున్నాను. అయిదు నించి ఆరున్నర దాకా తలుపు తీసే ఉంటుంది" అంది.

డాక్టరమ్మకి ఫోను చేసి నిజం చెప్పాం. ఆవిడ తిట్టలేదు. "ఇప్పుడు లెక్క సరిపోయింది" అంది. 2016లో అచ్చయిన ఒక కొరియా దేశపు పరిశోధన గురించి చెప్పింది. 916 మంది పిల్లల్ని పరీక్షిస్తే, ఈ జబ్బు పట్నం పిల్లల్లో నూటికి 8.3 మందికీ, పల్లెటూరి పిల్లల్లో 2.8 మందికీ ఉందట. జబ్బున్న పిల్లలు ఫోను ఎక్కువ చూసి, ఆరుబయట తక్కువ తిరిగేవాళ్ళట. వాళ్ళచేత నాలుగు వారాలు ఫోను మాన్పిస్తే గుణం కనిపించిందట. "మీరూ నాలుగు వారాలు పట్టుబట్టి చూడండి" అంది.

మొదటివారం నరకం. దాన్ని గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. రెండు కప్పులూ ఒక పూలకుండీ పోయాయి. రెండోవారంలో నాకు నిమి చక్రవర్తి గుర్తొచ్చాడు. వసిష్ఠుడి శాపంతో శరీరం పోగొట్టుకున్నాక, దేవతలు మళ్ళీ ఒళ్ళు ఇస్తామన్నా వద్దని, సమస్త ప్రాణుల కళ్ళలో కాపురముంటానని వరం కోరుకున్నాడు. ఆయన ఉండబట్టే మనకి రెప్పపాటు. ఈ కథ చెబితే వాడు కాసేపు ఆలోచించి, "అయితే నేను ఫోను చూసేటప్పుడు ఆయన ఏం చేస్తాడు తాతయ్యా?" అన్నాడు.

"ఉన్నచోట ఊపిరాడక కొట్టుకుంటాడు. మీ టీచరమ్మకి కన్ను కొట్టింది ఆయనే."

పగలబడి నవ్వాడు. అప్పట్నించి బడిపని టాబ్‌లో చెయ్యవలసి వచ్చినా, ఇరవై నిమిషాలకోసారి లేచి బాల్కనీలోకి వచ్చి "నిమి తాత గాలి పీలుస్తున్నాడు" అని దూరంగా బొటానికల్ గార్డెన్ చెట్లకేసి చూస్తాడు. ఏసీ గాలి మొహానికి తగలకుండా మంచం జరిపాం. అన్నానికి ముందు తల్లే వేడిగుడ్డ పెట్టి రెప్పలు కాపుతుంది. ఆదివారం అందరం కలిసి బొటానికల్ గార్డెన్‌కి పోతున్నాం. అక్కడా సగంమంది పిల్లలు తోపుడుబళ్ళలో ఫోన్లు పట్టుకునే ఉంటారు. మావాడు వాళ్ళని జాలిగా చూస్తాడు, కొత్తగా మతం పుచ్చుకున్నవాడిలాగా.

నెల తర్వాత నీలిదీపం ముందు కూచుంటే సెకన్లు ఎనిమిది దాకా పోయాయి. పూర్తిగా నయం కాలేదు, దారిలో పడిందంది డాక్టరమ్మ. కళ్ళు ఆర్పడం బాగా తగ్గింది. బడికి చీటీ రాయించి పంపితే "థాంక్యూ" అని బదులు వచ్చింది. అంతకంటే ఎక్కువ నేనూ ఆశించలేదు. బుజ్జిగాణ్ణి దగ్గర కూచోబెట్టుకుని, ఆ రాత్రి నేను చెప్పిన తీర్పు తప్పని ఒప్పుకున్నాను. "ఏ రాత్రి?" అన్నాడు. నిజంగా మరిచాడో, నా కోసం మరిచాడో తెలియదు.

ఇప్పుడు నాలుగున్నరకల్లా బంతి పట్టుకుని కిందికి దిగిపోతాడు. కింద పదిమంది స్నేహితులు కుదిరారు. మునుపటిలా నా పక్కన సోఫాలో కూచోవడం లేదు. నేను బాల్కనీలో కుర్చీ వేసుకుంటాను. అంత ఎత్తునించి ఏ పిల్లవాడు ఎవరో పోల్చుకోవడం కష్టం. బంతిని బట్టి ఊహించుకోవలసిందే.

రాత్రి పడుకోబోయే ముందు చుక్కలమందు వేసే పని మాత్రం నాది. వేశాక రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని ఉండాలి. ఆ రెండు నిమిషాలూ నా ఒళ్ళో తలపెట్టుకుని పడుకుంటాడు. నేను గడియారం చూస్తూ ఉంటాను. మొన్న టైమైపోయింది లేవరా అంటే, కళ్ళు తెరవకుండానే, "నీ గడియారం ఫాస్టు తాతయ్యా, ఇంకా కాలేదు" అన్నాడు.